చిటికెనవేలి కొక్కెం

రెండువందల పదకొండు తుపాకులకు సర్వసేనాధిపతి అయిన నూనెమ్మ తన ఇరవై ఆరేళ్ల ఏలుబడిలో ఒక్క గుండు పేలిన చప్పుడైనా విని ఎరగదు. ఇంత పెద్ద ఆయుధశాలను ఇంత చడీచప్పుడూ లేకుండా పాలించినవారు చరిత్రలో మరొకరు లేరని మ్యూజియం వాచ్‌మన్లు సైతం ఒప్పుకుంటారు. ఆమె రాజదండం ఒక నూనెగుడ్డ. ఆమె బాకు, కొసకు దూది చుట్టిన ఒక వెదురుపుల్ల. మరచీలల తలల్లో దాక్కున్న దుమ్మును ఆ పుల్ల బయటికి లాగినంత నిర్దాక్షిణ్యంగా ఏ వీరుడూ ఏ శత్రువునూ లాగి ఉండడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. మిగతా లోకానికి ఆమె నూనెమ్మ.

సోమవారం మ్యూజియానికి సెలవు. కోడలు పనిచేసే కళ్లద్దాల దుకాణానికీ ఆ రోజే సెలవు. కొడుకు రైలు నడుపుతాడు గనుక అతనికి సెలవు ఎప్పుడన్నది ఆ రైళ్లకే తెలియాలి. కాబట్టి సోమవారం మధ్యాహ్నాలు ఇల్లంతా అత్తాకోడళ్లదే. అత్తా కోడలూ ఒకే గదిలో మూడు గంటలు కూర్చుంటే ఏదో ఒకటి పేలక మానదని లోకం అంటుంది. ఈ ఇంట్లో నిజంగానే పేలేవి. కాకపోతే తెర మీద.

కోడలికి జపాన్‌వాళ్ల బొమ్మల ధారావాహిక ఒకటి, అనిమే అంటారు, అదంటే పిచ్చి. పేరులేని ఒక గ్రహం, దాని చుట్టూ మంచుముక్కల వలయాలు, ఆ వలయాల మధ్య తేలుతూ ఉత్తరాలు పంచే ఒక చిన్న పడవ. పడవ నడిపేది ఒక టపాపిల్ల. ఆ పిల్ల ఉత్తరం అందించిన ప్రతిచోటా కథ నడక నెమ్మదిస్తుంది. మంచుముక్కలు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా తిరుగుతాయి. ఎక్కడో దూరాన ఎవరో తలుపు మెల్లగా దగ్గరగా వేసినట్టు ఒక సంగీతం వినిపిస్తుంది. అంతలో దొంగలు వస్తారు, కాల్పులు మొదలవుతాయి. ఉత్తరాల కథకు కాల్పులెందుకో నూనెమ్మకు ఈనాటికీ అంతుపట్టలేదు గాని, ఆ తుపాకులు మాత్రం ఆమెకు చుట్టాలే.

సంగతేమిటంటే, ఆ ధారావాహికలో కనిపించే ప్రతి ఆయుధానికీ పుట్టుపూర్వోత్తరాలు వెతికి రాసే అభిమానుల పేజీ ఒకటుంది. భవిష్యత్తు తుపాకి ఏదీ ఆకాశం నుంచి ఊడిపడదు. బొమ్మ గీసేవాడు ఏదో ఒక పాత తుపాకిని ఎదురుగా పెట్టుకుని, దానికి రెండు దీపాలూ ఒక గొట్టమూ తగిలించి, వెయ్యేళ్లు ముందుకు తోసేస్తాడు. ఆ దీపాలు ఊడబీకి, అడుగున ఉన్న పెద్దమనిషి ఎవరో చెప్పడమే ఆ పేజీవారి తపస్సు. ఆ తపస్సులో కోడలికి మంచి పేరుంది. ఆమె వెనక ఒక అత్తగారు ఉన్నారన్న సంగతి మాత్రం నాలుగు ఖండాల్లో ఎవరికీ తెలియదు.

దొంగల చేతిలో నీలిమంట కక్కేది స్టెన్ గన్ అని, పక్కకు పొడుచుకొచ్చిన తూటాల పెట్టెను చూసి, నూనెమ్మ ఇస్త్రీ ఆపకుండానే చెప్పింది. సుంకాధికారి వెండిరంగు పిస్తోలు మౌజర్ అని, చీపురుకర్ర లాంటి దాని పిడిని చూసి చెప్పింది. ఒక రైఫిలుకు తూటా ఎక్కించే బోల్టు ఎడమవైపు ఎందుకుందని పండితులు నెలరోజులు జుట్లు పట్టుకుంటే, "తుపాకి తప్పు కాదమ్మాయ్. బొమ్మను అద్దంలోలా తిప్పేశారు. ఆ పిల్ల చొక్కా గుండీలు చూడు, అవీ అటే పోయాయి" అని ఒక్క మాటతో మహాసంగ్రామాన్ని ఆపింది.

ఆ సోమవారం ఇరవై ఒకటో భాగం. టపాపిల్లకు మొదటిసారి తనదంటూ ఒక తుపాకి దొరికింది.

"అత్తయ్యా, ఇస్త్రీ ఒక్క నిమిషం ఆపండి. ఇటు చూడండి" అంది కోడలు, బొమ్మను నిలిపి.

పూర్వం గుర్రపు దళాలవాళ్లు భుజాన వేలాడదీసుకున్న పొట్టి తుపాకి అది, కార్బైన్. గొట్టం చుట్టూ దీపాల వరస పెట్టారు, వెనక ఏదో రెక్క అతికించారు. ఆ సింగారాలకు నూనెమ్మ కళ్లు మోసపోలేదు. ట్రిగ్గర్ కింద వేలిని కాపాడే ఇత్తడి గార్డు ఉంది కదా, దాని దగ్గర ఆగిపోయాయి. ముందు గుండ్రంగా వంగి, వెనక మళ్లీ పైకి లేచి, చివరికి వచ్చేసరికి చిన్న కొక్కెంలా చుట్టుకుంది. లోకంలో ఏ తుపాకి గార్డుకూ కొక్కెం ఉండదు. గరిటెలకు ఉంటుంది, గోడమేకుకు తగిలించుకోవడానికి.

ఇస్త్రీపెట్టె కింద కొడుకు చొక్కా కాలరు కమిలిన వాసన వేసింది.

"ఈ కొక్కెం మీద ఎన్ని రాశారో వినండి" అని కోడలు చదవసాగింది. "'భారం లేని చోట తుపాకి చేయి జారిపోకుండా చిటికెనవేలు ఆనించుకునే ఏర్పాటు. ఆయుధ నిర్మాణంలో ఇదొక మహాకావ్యం.' ఇంకొకాయన, 'దీన్ని ఊహించిన మనిషి చేతులకు నమస్కారం' అంటున్నాడు. మా పేజీ పెద్ద ఉన్నాడు చూడండి, గగనసేనాని, ఆయన ఇదంతా ఉత్త కల్పన, ఇలాంటిది భూమ్మీద లేదని తేల్చిపారేశాడు. నేను ఊరుకుంటానా? నిన్న దొరికింది, వెంటనే పేజీలో పెట్టేశాను. మీ మ్యూజియంవాళ్లు ఫొటోలు పెట్టారు కదా, అందులో నూట పదిహేడు. ఇదే తుపాకి, ఇదే కొక్కెం. బొమ్మలవాళ్లు ఆ ఫొటో చూసే గీశారు. మీరు రోజూ తుడిచేదే కదా?"

"రోజూ కాదు. మంగళవారాలు."

"గార్డు అసలుది కాదని తెలుస్తూనే ఉంది. ఎవరు చేశారు అత్తయ్యా?"

"ఏమో తల్లీ. పాత సామాను. ఎవరు చేశారో ఎవరికి గుర్తు?"

"పోనీలెండి. ఆఫీసుకు ఉత్తరం రాశాను. రిజిస్టరు చూసి చెబుతారట."

నూనెమ్మ కమిలిన కాలరు మీద నీళ్లు చల్లింది. భయపడవలసిన ఘడియ అది. భయం వేసింది కూడా. కాని ఆ భయం వెనకనుంచి, పిలవని పేరంటానికి వచ్చినట్టు, మరొకటేదో వెచ్చగా తొంగిచూసింది. మహాకావ్యమట. తెర మీద మంచుముక్కలు తిరుగుతున్నాయి. టపాపిల్ల చిటికెనవేలు కొక్కెంలో ఒదిగి ఉంది.

*

మంగళవారం ఉదయం ఆయుధశాలలోకి వెలుతురు ఎత్తు కిటికీల నుంచి ఏటవాలుగా దిగి, సగం దూరం వచ్చాక వచ్చిన పని మరచిపోయినట్టు గాలిలోనే నిలబడిపోతుంది. అందులో దుమ్మురేణువులు తీరిగ్గా తిరుగుతుంటాయి. వాటి మధ్య నుంచి ఒక పడవ తన పేర ఉత్తరం పట్టుకుని వచ్చినా నూనెమ్మ ఆ రోజు పెద్దగా ఆశ్చర్యపడేది కాదు.

పని ఎప్పటి పనే. చేతులకు నూలు తొడుగులు వేసుకోవాలి. చెమట తగిలితే ఇనుము మర్నాటికే తుప్పు పలకరిస్తుంది. పొడిగుడ్డ ఒకసారి, నూనెగుడ్డ ఒకసారి, మళ్లీ పొడిగుడ్డ. నూనె కంటికి కనిపించకూడదు, ఉందన్న సంగతి ఇనుముకు మాత్రమే తెలియాలి. నూట పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఆమె అటూ ఇటూ చూసి, తొడుగు విప్పి, చిటికెనవేలిని కొక్కెంలో పెట్టి చూసింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇన్నేళ్లలో ఆ ముచ్చట ఆమెకు తట్టనే లేదు.

పద్దెనిమిదేళ్ల కిందట ఇదే రాతినేల మీద ఇదే తుపాకి ఆమె చేయి జారింది. పోత ఇత్తడి గార్డు రెండు ముక్కలైంది. మర్నాటి ఉదయం తుపాకికి కొత్త గార్డు ఉంది, ఆమె వంటింట్లో ఒక గరిటెకు కాడ లేదు. కొన్నాళ్లకు తనిఖీకి వచ్చిన ఒక విద్వాంసుడు భూతద్దం పెట్టి కొక్కెం చూసి, ఇదెవరి నిర్వాకమని గర్జించాడు. మ్యూజియంలో కొలిమి ఉన్నది లోహాల మేస్త్రి ఒక్కడికే. "నేను చేయలేదు" అన్నాడతను. చేసినవాడు కూడా అదే అంటాడు గనుక ఆ మాటే సాక్ష్యమై కూర్చుంది. అతని సర్వీసు పుస్తకంలో "నమ్మదగని చేయి" అని ఎర్రసిరా పడింది. ఇక లోహం ముట్టవద్దన్నారు, పాత కుర్చీలకు పేము అల్లుకోమన్నారు. ఆ తీర్పు జరిగిన గదిలో ఒక మూల నిలబడి ఒకావిడ ఒకే మరచీలను పదకొండుసార్లు తుడిచింది.

అంతరాత్మ ఆమెను అప్పటినుంచీ పొడుస్తూనే ఉంది. అయితే అది మర్యాద తెలిసిన అంతరాత్మ. పొడిచేది, ఏమీ అనుకోవద్దని తప్పుకునేది.

"నూనెమ్మగారూ!" అంటూ అధికారిణి వచ్చింది. మ్యూజియం బాధ్యత తీసుకుని ఆర్నెల్లు కాలేదు; నడకలో ఇంకా పరుగు ఉంది. "ఈ నూట పదిహేడుకు ఏం పూనిందండీ? పొద్దున్నుంచి ఉత్తరాలే ఉత్తరాలు. సగం నేను చదవలేని భాషల్లో. గార్డు ఎవరు చేశారు, గార్డు ఎవరు చేశారు, ఇదే గోల."

"ఎవరంటున్నారు?" అని నూనెమ్మ గుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

"రిజిస్టరులో ఉందిగా, మన కుర్చీల మేస్త్రి. తమాషా చూడండి, ఏ పనికి ఆయన్ని మూల కూర్చోబెట్టారో అదే ఇప్పుడు ఆయన్ని గొప్పవాణ్ణి చేసింది. శుక్రవారమే ఆయన పదవీవిరమణ. పైనుంచి పెద్దాయన వస్తున్నారు. గార్డు ఎలా చేశాడో మేస్త్రి తన నోటితో వివరంగా చెబితే, ఆ ఎర్రసిరా కొట్టేయించి 'నేర్పైన మరమ్మతు' అని రాయిస్తానన్నాను. చెప్పలేకపోతే మాత్రం నేను చేయగలిగింది లేదు, ఆ మచ్చతోనే ఇంటికి పోవాలి. చెబుతాడు లెండి, చేసినవాడు చెప్పలేడా?"

"చేసినవాడైతే చెబుతాడు" అంది నూనెమ్మ.

అధికారిణి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్ల బరువు దిగే దారి కనిపించిందని నూనెమ్మ సంతోషించవలసిన మాట. సంతోషించబోయింది కూడా. కాని "గొప్పవాణ్ణి" అన్న మాట చేపముల్లులా గొంతుకు అడ్డం పడి ఎంతకీ దిగలేదు.

*

ఆ సాయంత్రం వంటింట్లో, బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, కోడలు విజయగర్వంతో వేళ్లు విరుచుకుంది.

"వచ్చేసింది అత్తయ్యా జవాబు. చేసినవారు, మ్యూజియం లోహాల మేస్త్రి. గగనసేనాని పని అయిపోయింది ఇవాళ్టితో. ఇదిగో రాసేస్తున్నా. 'ఈ అపురూపమైన కొక్కేన్ని సృష్టించిన మహాశిల్పి...'"

"శిల్పా? వాడి బొంద!"

కోడలి వేళ్లు గాలిలో ఆగిపోయాయి. ఈ ఇంటికి వచ్చి ఏడేళ్లయింది. అత్తగారి నోట అంతటి మాట ఆమె విని ఎరగదు.

"గరిటె కాడలోంచి గార్డు తీయొచ్చని వాడి బుర్రకు తట్టేదా? నేను చేశాను. ఈ చేతులతో చేశాను. ఆ పొయ్యి మీద!" అని నూనెమ్మ పొయ్యి వైపు వేలు చూపించింది. ఆ క్షణంలో ఆ పొయ్యి ఒక చారిత్రక స్థలంలా కనిపించింది.

కోడలు మెల్లగా లేచింది. పంచదార డబ్బా మూత తీసి, అందులో ఏళ్ల తరబడి చెంచాగా బతుకుతున్న కాడలేని ఇత్తడి గరిటె గుంటను పైకెత్తింది.

"పెళ్లై వచ్చిన రోజునుంచీ అడుగుదామనుకుంటున్నా" అంది. "ఈ ఇంట్లో గరిటెకు కాడ ఎందుకు లేదా అని."

ఇద్దరూ నవ్వారు. కోడలు బల్ల పట్టుకుని నవ్వింది. నూనెమ్మ పమిటకు బదులు నూనెగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆరిపోయేముందు కోడలు అడగవలసిన మాట అడగనే అడిగింది.

"మరి రిజిస్టరులో ఆయన పేరెందుకుంది?"

నూనెమ్మ చెప్పింది. చెప్పడానికి పట్టుమని పది మాటలు పట్టలేదు.

"పద్దెనిమిదేళ్లా అత్తయ్యా? ఒక్కసారైనా నోరు విప్పలేదా?"

"అప్పుడు అబ్బాయి చిన్నవాడు. ఉద్యోగం పోతుందేమోనని..."

"తర్వాత పెద్దవాడయ్యాడుగా."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ లేచి మంట తగ్గించలేదు.

"నేను అంటే మీరేమనుకుంటారో గాని" అంది కోడలు గుంటను మళ్లీ పంచదారలో పెట్టి, "తప్పన్నప్పుడు ఇన్నేళ్లు ఆగగలిగారు. గొప్పన్నాక పావుగంట ఆగలేకపోయారు."

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే కోడలు దొరకడం అదృష్టమే. ఏ అక్షరం ఎంత దూరంలో పెడితే ఎదుటివారికి స్పష్టంగా కనిపిస్తుందో వాళ్లకు తెలుస్తుంది.

"నేనిది పెట్టను" అని కోడలు కంప్యూటరు మూసింది. "ముందు మీరు ఆయనకు చెప్పండి. ఆయన ఏం రాయమంటే అది రాస్తాను."

*

బుధవారం నూనెమ్మ కుర్చీల షెడ్డు దాకా మూడుసార్లు దండెత్తి, మూడుసార్లూ సురక్షితంగా వెనక్కి మళ్లింది. గురువారం మధ్యాహ్నానికి గాని గడప దాటలేకపోయింది.

షెడ్డంతా తడిసిన పేము వాసన. తలకిందులైన కుర్చీలు కాళ్లు పైకెత్తి, ఏదో పెద్ద నిద్రలో ఉన్న పశువుల్లా ఉన్నాయి. నీళ్లతొట్టిలో పేముబద్దలు నానుతున్నాయి. మధ్యలో ముక్కాలిపీట మీద మేస్త్రి. చుట్టూ ఇద్దరు వాచ్‌మన్లు, టికెట్ల అమ్మాయి. అమ్మాయి చేతిలో ఫోను, ఫోనులో టపాపిల్ల.

"ఈ వంపు మీరే తిప్పారా మేస్త్రిగారూ?" అంటోంది అమ్మాయి.

"అప్పట్లో చేయి అలా ఉండేదమ్మా" అన్నాడు మేస్త్రి, ఇంకెవరి చేతి గురించో చెబుతున్నంత నమ్రతగా. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో పెన్ను కూడా ఉంది. అతను పెన్ను పెట్టుకోగా నూనెమ్మ ఎన్నడూ చూడలేదు.

"మాకో మాటైనా చెప్పలేదే ఇన్నాళ్లు!" అన్నాడొక వాచ్‌మన్.

"మనం చేసింది మనం చెప్పుకుంటే ఏం బావుంటుంది?"

గడపలో నిలబడ్డ నూనెమ్మకు ఒళ్లు మండింది. ముగ్గురూ టీకి కదిలేదాకా ఆమె ఒక కుర్చీ కాలును పట్టుకునే ఉంది.

"కూర్చో నూనెమ్మా" అన్నాడు మేస్త్రి. "దాని మీద కాదు, దానికి అడుగు లేదు. ఇటు రా."

ఆమె కూర్చుంది. రెండు రోజులుగా కూర్చుకున్న మాటలు ఒద్దికగా వరసలో నిలబడి ఉన్నాయి. "మేస్త్రీ, నీకొక సంగతి చెప్పాలి. ఆ గార్డు..."

"కాల్చి వంచావా, చల్లగానే వంచావా?" అన్నాడతను.

వరస చెదిరిపోయింది. మేస్త్రి తొట్టిలోంచి ఒక పేముబద్ద తీసి, వేళ్ల మధ్య జార్చి నీళ్లు పిండాడు. కుర్చీ చట్రం రంధ్రంలోంచి దాన్ని పైకి లాగి, పక్కదాని కిందుగా, దాని పక్కదాని మీదుగా పోనిచ్చాడు. నూనెమ్మ ఆ బద్ద కొసను పట్టుకుని ఆపింది.

"నీకు తెలుసా?"

"ఆ శాల తాళాలు ఇద్దరి దగ్గర ఉండేవి. చేసింది నేను కాదని నాకు తెలుసు. ఇద్దరిలోంచి ఒకరిని తీసేయడానికి పెద్ద చదువు కావాలా?"

"మరి నా పేరెందుకు చెప్పలేదు?"

"నేను కాదంటేనే నమ్మనివాళ్లు, ఇంకొకరంటే నమ్ముతారా? మొదటి రెండేళ్లు నీ మీద కోపం. ఎంత కోపమంటే, నువ్వు ఎదురొస్తే రోడ్డు అటుపక్కకు పోయేవాణ్ణి. తర్వాత ఈ కుర్చీల మీద కోపం. ఆ తర్వాత అల్లడం వచ్చేసింది." బద్దను బిగించి, మేకుతో ఆపాడు. "మొన్న ఆ పిల్ల ఫోను పట్టుకొచ్చి, 'ఇది మీరేనటగా చేసింది' అంది. కాదందామనే నోరు తెరిచాను నూనెమ్మా, ఒట్టు. అవునని వచ్చింది. అన్నేళ్లు నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. ఒక్క అబద్ధం ఆడాను, టీ తెచ్చిపెట్టారు."

"రేపు పెద్దాయన ముందు లేచి నేనే చేశానని చెబుతాను. నీ మచ్చ పోతుంది."

"చెప్పు. వద్దనడానికి నేనెవర్ని? మచ్చా పోతుంది. దాంతోపాటు ఈ మూడు రోజులూ పోతాయి." అతను తలెత్తాడు. కోపం లేదు, వేడుకోలు లేదు. ఏదో బరువును అంచనా కట్టే చూపు. "నింద మోసినన్నాళ్లు నా భుజం పనికొచ్చింది. దండ వేసేనాడు నీ మెడ కావాలా?"

నూనెమ్మ ఆయుధశాలలో ఆ మాటకు ఎదురు నిలిచే ఆయుధం ఏదీ లేదు. పద్దెనిమిదేళ్ల నాడు ఇచ్చి ఉంటే కానుకయ్యే నిజం, ఇవాళ ఇవ్వబోతే దోపిడీ అయింది. పైగా ఆ గార్డు ఆమె జీవితంలో చేసిన ఒకే ఒక్క వస్తువు. మిగతా అన్నాళ్లూ ఇంకొకరు చేసినవి తుడిచింది. షెడ్డు రేకుల సందుల్లోంచి పడ్డ వెలుతురు చుక్కలు నేల మీద జరుగుతున్నాయి. అవి ఆమె పాదాన్ని దాటి పీట దాకా పోయాయి.

"కాల్చే వంచాను" అంది చివరికి.

"ఎంత?"

"ఎరుపు కనీ కనబడనంత. తర్వాత నీళ్లలో ముంచాను. మెత్తబడింది."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. రెండోసారికే వంగుతుందనుకున్నా, మొండికేసింది."

"దేని మీద వంచావు?"

"మంచంకోడు మీద. కింద గుడ్డ చుట్టి."

"అందుకే గీతలు లేవు." మేస్త్రి తల పంకించాడు. అది మెచ్చుకోలు. లోహం తెలిసిన మనిషి నుంచి ఆ పనికి వచ్చిన మొదటి మెచ్చుకోలు. "రంధ్రాలు?"

"పక్కింటి వడ్రంగి దగ్గర బరమా అడిగి తెచ్చాను. బొమ్మల అలమరకన్నాను."

"ఆ కొక్కెం ఎందుకు వదిలేశావు? లోకమంతా దాని గురించే కదా."

నూనెమ్మ సిగ్గుపడింది. "కోసేద్దామనే అనుకున్నా. రంపం బ్లేడు విరిగింది."

మేస్త్రి నవ్వడం మొదలుపెట్టాడు. పీట మీదనుంచి జారి, కుర్చీ పట్టుకుని, పేముబద్దలు చెదిరిపోయేదాకా నవ్వాడు. భారం లేని లోకాల్లో చిటికెనవేలు ఆనించుకునే మహాకావ్యం అలా ఒక షెడ్డులో, ఇద్దరు ముసలివాళ్ల మధ్య, కాసేపు పొర్లింది.

*

శుక్రవారం సభకు మ్యూజియం అంతా కదిలి వచ్చింది. మ్యూజియం అంతా అంటే ముప్పై మంది. ముందు వరసలో పైనుంచి వచ్చిన పెద్దాయన, ఒళ్లో ఎర్రసిరా సర్వీసు పుస్తకం. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డపై నూట పదిహేడు, పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా. చివరి వరసలో నూనెమ్మ. నోరు మూసుకుని కూర్చోవడంలో ఆమెకున్న అనుభవం ఆ సభలో మరెవరికీ లేదు.

"చెప్పండి మేస్త్రిగారూ, ఎలా చేశారు?" అంది అధికారిణి.

మేస్త్రి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "ఇత్తడి గరిటె తీసుకున్నానండి. గుంట కోసేసి కాడ మిగుల్చుకున్నాను. పాత గార్డు ముక్కలు పక్కన పెట్టుకుని కొలతలు గీసుకున్నాను."

అంతా బాగానే ఉంది. పెద్దాయన తలూపుతున్నాడు. నూనెమ్మకు తన వంటిల్లు, తన గరిటె, తన రాత్రి ఇంకొకరి నోటి నుంచి వస్తుంటే దూరపు వలయాల్లో ఎవరిదో కథ వింటున్నట్టుంది.

"ఆ తర్వాత ఏముందండి" అన్నాడు మేస్త్రి, "మంచంకోడు మీద పెట్టి, చల్లగానే, సుత్తితో ఒక్కో దెబ్బా వేసుకుంటూ వంచేశాను."

"చల్లగా వంచితే పగిలిపోదూ!"

ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. తను లేచి నిలబడ్డానని నూనెమ్మకు అప్పుడు తెలిసింది. ఒక మనిషి బతుకు పోతున్నప్పుడు తెరుచుకోని నోరు, ఒక ఇత్తడి కాడ పోతుందనేసరికి తెరుచుకుంది. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని ఆమెనూ మేస్త్రినీ మార్చి మార్చి చూశాడు. సర్వీసు పుస్తకం మీద అతని వేలు ఆగింది. అధికారిణి మొహం పాలిపోయింది.

మేస్త్రి మాత్రం తొణకలేదు.

"అదిగో, విన్నారా?" అన్నాడు పెద్దాయనతో. "ఆవిడకు గుర్తున్నట్టు నాకు లేదండి. ఈ పనిలో ఆవిడ చేయీ ఉంది. లేకపోతే ఇది అయ్యేదే కాదు. ఇలా రా నూనెమ్మా. ఎంత కాల్చామో, ఎన్నిసార్లు ముంచామో నువ్వు చెప్పు. వయసొచ్చాక నాకు అన్నీ తారుమారవుతున్నాయి."

చివరి వరస నుంచి బల్ల దాకా ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగుల్లో నూనెమ్మకు అర్థమైంది. ఇత్తడిని చల్లగా వంచకూడదని కొలిమి దగ్గర చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా తెలుస్తుంది. ఏళ్ల తరబడి కొలిమి ఊదిన మేస్త్రికి అది తారుమారు కాదు. నిన్న అంత గుచ్చి గుచ్చి అడిగినవాడు ఇవాళ మరచిపోడు. ఆమె నోరు ఎక్కడ మూసుకుంటుందో, ఎక్కడ మూసుకోలేకపోతుందో అతను లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్క తప్పితే పోయేది అతని పేరే, అయినా కట్టాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి, తొడుగు లేకుండానే గార్డు మీద వేలు పెట్టి, చెప్పింది. కాల్చిన రంగు చెప్పింది, ముంచిన నీళ్లు చెప్పింది, మొండికేసిన రెండోసారి చెప్పింది. మధ్యలో ఒకచోట వరస తప్పింది. "ఊఁ, తర్వాత గుడ్డ చుట్టాం" అని మేస్త్రి అందించాడు. విరిగిన రంపం బ్లేడు దగ్గర సభ గొల్లుమంది. ఇంత గొప్పవాళ్లకు ఎంత వినయమో అని టికెట్ల అమ్మాయి కళ్లు ఒత్తుకుంది.

పెద్దాయన పెన్ను తీసి ఎర్రసిరా మీద అడ్డగీత కొట్టాడు. పక్కన సంతకం పెట్టాడు. తుపాకి పక్కన పెట్టవలసిన పలక మీది మాటలు అక్కడికక్కడే చెప్పి రాయించాడు. "మరమ్మతు: మ్యూజియం లోహాల మేస్త్రి. సహాయం: నూనెమ్మ."

సభ ముగిశాక నూనెమ్మ వరండాలో నిలబడి కోడలికి ఫోను చేసింది.

"రాసుకో అమ్మాయ్. చేసింది మేస్త్రి."

"అత్తయ్యా! మరి మీరు?"

"నేనూ ఉన్నాను. సహాయమని పెట్టు."

"సహాయమా? మీ గరిటె, మీ పొయ్యి, మీ చేతులు! సహాయమంటే నేను రాయను గాక రాయను."

"ఆయన ఏం రాయమంటే అది రాస్తానన్నావుగా" అంది నూనెమ్మ. కాసేపటికి, "వేలు ఆనించుకోవడానికే కొక్కెం పెట్టారని రాసింది కూడా తీసేయించు. బ్లేడు విరిగిందని రాయి" అంది.

"గగనసేనాని నమ్మడు."

"నమ్మకపోతే వాడి ఖర్మ."

మధ్యాహ్నం మూడింటికి ఇత్తడి పలక తయారై వచ్చింది. ఆయుధశాలలో ఎవరూ లేరు. వెలుతురు ఇంకా గాలిలోనే నిలబడి ఉంది. మేస్త్రి చొక్కా చేతులు మడిచి, పలకను నూట పదిహేడు కింద చెక్కకు ఆనించి, సమంగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. స్క్రూడ్రైవరు ఇన్నేళ్ల తర్వాత అతని పిడికిలిలోకి తిరిగి వచ్చింది. రెండుసార్లు తిప్పి పట్టు సరిచూసుకున్నాడు. తర్వాత తల తిప్పకుండానే ఎడమ అరచేయి వెనక్కి చాపాడు.

నూనెమ్మ ఒక మరచీలను గుడ్డతో తుడిచి అందులో పెట్టింది. అతను బిగించాడు, మళ్లీ చేయి చాపాడు. రెండోది ఇచ్చింది. మూడోది కాస్త వంకరగా పోతుంటే పలకను తన బొటనవేలితో అదిమి పట్టుకుంది. నాలుగో మరచీల బిగిసేసరికి పలక మీది మాటల్లో ఒకటి నిజమైంది.